పరదేశంలో జబ్బుపడితే డాక్టరుకు చెప్పుకునేదెలా?

మా నాయనమ్మ చెన్నపట్నంలో నలభై యేళ్ళు కాపురం చేసింది. అన్నేళ్ళున్నా అరవంలో నొప్పికి ఆమెకు తెలిసిన మాట ఒకటే: ‘వలి’. తెలుగులోనైతే ఆమెకు మాటలకు కరువు లేదు. పన్ను సలిపేది, కాళ్ళు పీకేవి, డొక్కలో పోటు వచ్చేది, నడుము పట్టేసేది, అరికాళ్ళు మండేవి, చేతులు తిమ్మిరెక్కేవి. కాని వీధి చివర ఉన్న డాక్టరుగారి దగ్గరకు వెళ్ళేసరికి ఇవన్నీ కలిసి ఒక్క ‘వలి’గా మిగిలేవి. అందుకని ఎనిమిదేళ్ళవాణ్ణయిన నన్ను దుబాసీగా వెంట తీసుకువెళ్ళేది. డాక్టరుగారు చాలా మంచివారు. అయినా ఆయన చేతికి అందిన జబ్బు వేరు, ఆమె పడుతున్న బాధ వేరు అని నాకు ఆ వయసులోనే అనిపించేది.

పరాయి భాషల నడుమ తరతరాలుగా బతుకుతున్న మన కుటుంబాలలో ఇటువంటి కథ లేని ఇల్లు అరుదు. ఇప్పుడు మన పిల్లలు ఇంకా దూరదేశాలకు వెళ్ళి స్థిరపడుతున్నారు. వారితోపాటు మనమూ వెళ్ళివస్తున్నాము. అక్కడికి వెళ్ళగానే అందరూ అడిగే ప్రశ్న ఒకటే: “ఇక్కడ ఇంగ్లీషు తెలిసిన డాక్టరు దొరుకుతాడా?” మేమూ అదే అడిగాము. డాక్టరు దొరికాడు. అయినా మా ఆవిడ ప్రాణంమీదికి వచ్చింది. అది ఎలా జరిగిందో చెబితే నలుగురికీ పనికివస్తుందని రాస్తున్నాను.

2024 మే నెలలో నేనూ మా ఆవిడా జర్మనీలో ఉంటున్న మా అమ్మాయి దగ్గరకు వెళ్ళాము. తూర్పు జర్మనీలో ఒక పట్టణం. మా ఆవిడకు పదిహేనేళ్ళుగా షుగరు ఉన్నది. వెళ్ళిన నెలకు “ఒళ్ళు వేడి చేసింది” అన్నది. మనకిది కొత్త మాట కాదు. మజ్జిగ తాగింది, సబ్జాగింజలు నానబెట్టుకుని తాగింది. మూడో రోజు రాత్రికి వణుకుతో జ్వరం వచ్చింది. మేము తీసుకువెళ్ళిన థర్మామీటరు పెట్టి చూస్తే 102. మరునాడు శనివారం. మా అమ్మాయి ఆఫీసు పనిమీద వేరే ఊళ్ళో ఉన్నది. అల్లుడు 116117 అనే నంబరుకు ఫోను చేశాడు. డాక్టర్లు తలుపులు మూసుకున్న వేళ, ప్రాణాపాయం కాని జబ్బులకు పిలవవలసిన నంబరు అది. వారు ఒక ఆస్పత్రిలో నడిచే సెలవురోజుల వైద్యశాలకు రమ్మన్నారు.

అక్కడి యువ డాక్టరు చక్కని ఇంగ్లీషు మాట్లాడాడు. మాకు ప్రాణం లేచివచ్చింది. “వేడి చేసింది” అన్న మాటను అల్లుడు ఇంగ్లీషులో “ఒంట్లో వేడి” అని చెప్పాడు. డాక్టరు జ్వరం చూస్తే పెద్దగా లేదు. గంట క్రితమే పారాసెటమాల్ వేసిన సంగతి మాలో ఎవరికీ చెప్పాలని తోచలేదు. “రాత్రి నూటరెండు ఉన్నదండి” అన్నాను నేను. ఆయన విస్తుపోయి చూశాడు. ఆ దేశంలో జ్వరం కొలిచేది సెల్సియస్ లెక్కలో. నూటరెండంటే అక్కడ నీళ్ళు మరిగే వేడి. అందరం నవ్వుకున్నాము. ఆ నవ్వులో నా మాట కొట్టుకుపోయింది.

ఆయన తన పని తాను చేశాడనే చెప్పాలి. గొంతు చూశాడు, ఊపిరితిత్తులు విన్నాడు. చివరకు “మూత్రానికి వెళ్ళేటప్పుడు బాధ ఏమైనా ఉన్నదా?” అని కూడా అడిగాడు. అల్లుడు మొగమాటపడ్డాడు. అత్తగారిని ఆ మాట అడగలేక, “అత్తయ్యగారూ, ఇంకేమైనా ఇబ్బందిగా ఉన్నదా అండీ?” అన్నాడు. మా ఆవిడ కూడా తల వంచుకుని, “ఏమీ లేదు నాయనా” అన్నది. “ఏమీ లేదట” అని అల్లుడు డాక్టరుకు చెప్పాడు. ఆయన జలుబు జ్వరం కావచ్చునని, ఎక్కువైతే వెంటనే రమ్మని చెప్పి పంపాడు. నాకూ ఇంగ్లీషు వచ్చును. కాని నాకూ ఆమె “వేడి చేసింది” అని తప్ప మరేమీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆదివారం తెల్లవారేసరికి వాంతులు, చలి, వీపు పక్కన పోటు. మాట తడబడుతున్నది. అప్పుడే ఊరినుంచి వచ్చిన మా అమ్మాయి తల్లిని గదిలోకి తీసుకువెళ్ళి తలుపు వేసి అడిగింది. “నాలుగు రోజులనుంచీ మంటేనమ్మా. నీళ్ళకు వెళ్ళినప్పుడల్లా ప్రాణం పోతున్నది. అల్లుడి ముందు ఎలా చెప్పేదే?” అన్నది మా ఆవిడ. వెంటనే 112కు ఫోను చేశారు. ఆస్పత్రిలో ఒక లేడీ డాక్టరు పరీక్షలు చేయించి, మూత్రంలో పుట్టిన దోషం మూత్రపిండానికి ఎక్కిందని చెప్పింది. “షుగరు పదహారు ఉన్నది” అన్నది. పదహారేగదా అని నేను సంతోషపడ్డాను. మన లెక్కలో అది 288 అని తరువాత తెలిసింది. ఆరు రోజులు నరానికి మందు ఎక్కించారు. దేవుని దయవల్ల కోలుకున్నది.

ఇందులో డాక్టరుకు ఇంగ్లీషు రాకపోవడమనే కష్టం ఒక్కచోట కూడా లేదు. అడ్డం వచ్చినవి వేరు. అందుకని ఇంగ్లీషు డాక్టరును ఎలా వెదకాలో ముందు చెప్పి, ఆ తరువాత ఆయనకు జబ్బు ఎలా అందించాలో చెబుతాను. నేను చూసినది జర్మనీ కనుక అక్కడి పద్ధతే రాస్తున్నాను.

ఒంట్లో బాగున్నప్పుడే వెదకండి

జర్మనీలో జబ్బు బీమా 1883లో బిస్మార్కు కాలంలో చట్టమయింది. ఈనాడు ఆ దేశంలో పదిమందిలో సుమారు తొమ్మిదిమంది ప్రభుత్వ చట్టం కింద నడిచే బీమాసంస్థలలోనే ఉన్నారు. ఉద్యోగానికి చేరినవారికి చందాలో సగభాగం యజమాని కడతాడు. చదువుకు వెళ్ళిన విద్యార్థికి బీమా లేనిదే కాలేజీలో పేరు నమోదు కాదు. ఫొటో ఉన్న బీమాకార్డు ఒకటి ఇస్తారు. దానిని మూడు నెలలకొకసారైనా డాక్టరు దగ్గర చూపించాలి.

మొదట చూపించుకోవలసినది ఇంటి డాక్టరుకు. జర్మను భాషలో ‘హౌస్‌ఆర్ట్స్ట్’ అంటారు. మనవైపు పాతకాలపు కుటుంబ వైద్యుడివంటివాడే. పెద్ద డాక్టరుకు చీటీ రాసేది, ఆఫీసుకు సెలవుచీటీ ఇచ్చేది, పాత కాగితాలు భద్రపరచేది ఆయనే. పిల్లల డాక్టరు దగ్గరకు, స్త్రీల డాక్టరు దగ్గరకు చీటీ లేకుండానే నేరుగా వెళ్ళవచ్చును. చిక్కల్లా ఒకటే. చాలామంది ఇంటి డాక్టర్లు ఇక కొత్తవారిని చేర్చుకోలేమని చెప్పేస్తారు. జ్వరంతో మంచమెక్కిన తరువాత వీధులవెంట వెదకడం ఇల్లు కాలుతుంటే నుయ్యి తవ్వబోవడమే. అందుచేత ఇల్లు కుదిరిన నెలలోనే డాక్టరునూ కుదుర్చుకోవాలి. ఒంట్లో బాగున్నప్పుడే ఒకసారి వెళ్ళి పరిచయం చేసుకుంటే చాలు.

వెదకడానికి దారులు కొన్ని ఉన్నాయి. బీమాసంస్థకే ఫోను చేసి ఇంగ్లీషు మాట్లాడే డాక్టరు పేరు చెప్పమంటే చెబుతారు. ఆయా రాష్ట్రాల బీమావైద్యుల సంఘాలు ఇంటర్నెట్టులో పెట్టిన జాబితాలలో చాలాచోట్ల డాక్టరుకు వచ్చిన భాషలు కూడా ఉంటాయి. డాక్టొలిబ్ అనే ఏర్పాటులో భాషనుబట్టి వెదికి, వెళ్ళవలసిన వేళను అక్కడే ఖాయం చేసుకోవచ్చును. విశ్వవిద్యాలయం ఉన్న ఊరైతే విదేశీ విద్యార్థులకోసం ఉన్న ఆఫీసులో అడగవచ్చును. అన్నిటికంటె తేలిక, మనకు ముందు అక్కడికి వెళ్ళిన మనవారిని అడగడం.

బోర్డు చదివేటప్పుడు ఒక జాగ్రత్త. ‘ఆల్లె కాస్సెన్’ అని ఉంటే అన్ని బీమాలకూ చూస్తారని అర్థం. ‘ప్రివాట్’ అని ఉంటే, మామూలు బీమా ఉన్నవారు డబ్బు చేతినుంచి పెట్టుకోవలసి వస్తుంది. ఇంగ్లీషు బాగా వచ్చునని ప్రకటించుకునేవారిలో ఈ రెండో రకంవారూ ఉంటారు.

మరొక సంగతి అనుభవంమీద తెలిసింది. జర్మనీలో వైద్యం చేయడానికి అనుమతి కావాలంటే జర్మను భాష బాగా రావాలి, ఇంగ్లీషు రావాలనే నిబంధన లేదు. అయినా డాక్టర్లలో, ముఖ్యంగా చిన్నవయసువారిలో, ఇంగ్లీషు వచ్చినవారు చాలామంది. తిప్పలన్నీ బయట బల్లదగ్గర, ఫోనులో. అక్కడ కూర్చున్న ఉద్యోగినికి ఇంగ్లీషు రాకపోతే లోపలి డాక్టరుకు ఎంత వచ్చినా మనం ఆయనదాకా చేరలేము. అందుకని రెండు వాక్యాలు కంఠతా పట్టడం మంచిది. “ఇహ్ బ్రౌఖె ఐనెన్ టెర్మీన్” అంటే “డాక్టరును చూడడానికి నాకొక వేళ కావాలి” అని. “ష్ప్రెహెన్ జీ ఎంగ్లిష్?” అంటే “మీకు ఇంగ్లీషు వచ్చునా?” అని. ఫోనులో తడబడేవారు ఉదయాన్నే స్వయంగా వెళ్ళి నిలబడితే పని సులువవుతుంది. బుధవారం, శుక్రవారం మధ్యాహ్నాలు చాలామంది డాక్టర్లు తలుపులు మూస్తారన్నది మరచిపోకూడదు.

రాత్రివేళ, సెలవురోజు

ప్రాణంమీదికి వస్తే 112. గుండెనొప్పి, ఊపిరాడకపోవడం, కాలూ చేయీ పడిపోవడం, స్పృహ తప్పడం వంటివాటికి సందేహించకుండా ఆ నంబరు పిలవాలి. ఐరోపా సమాఖ్య దేశాలన్నిటిలో అదే నంబరు. ఫోనుకు ఖర్చు లేదు. అంత అపాయం కాదనుకుంటే 116117. మందులషాపులకు ఎర్రని ‘ఎ’ అక్షరం గుర్తు. ఆదివారం అవి మూసివున్నా, ఆ రాత్రి ఏ షాపు తెరచి ఉంటుందో తలుపుమీద రాసిపెడతారు. అక్కడ పారాసెటమాల్ కూడా మందులషాపులోనే దొరుకుతుంది. చీటీ లేకుండా యాంటీబయాటిక్ మాత్ర ఒక్కటి కూడా ఇవ్వరు.

జలుబుకూ దగ్గుకూ డాక్టరు సూది వేయకుండా, “వేడి టీ తాగి పడుకోండి” అని పంపితే మనవారు చిన్నబుచ్చుకుంటారు. అది నిర్లక్ష్యం కాదు, అక్కడి వైద్యం తీరే అంత. ఉద్యోగస్థులు భయపడవలసిన పని కూడా లేదు. యజమానికి చేరే సెలవుచీటీలో జబ్బు పేరు ఉండదు. రోగి రహస్యాన్ని బయటపెట్టిన డాక్టరుకు అక్కడి చట్టప్రకారం శిక్ష ఉన్నది.

పిల్లల దగ్గరకు చూడవచ్చే తల్లిదండ్రుల సంగతి వేరు. అక్కడి బీమా మనకు వర్తించదు. వీసాకోసం కనీసం 30,000 యూరోల ప్రయాణబీమా తీసుకోక తప్పదు. తీసుకునేటప్పుడు షుగరు, రక్తపోటు వంటివి దాచకుండా రాయాలి. పాత జబ్బులకు వర్తించని పాలసీలు ఎన్నో ఉన్నాయి, ఆ షరతులు చదివి మరీ కొనాలి. చిన్న ఖర్చులు ముందు మనమే పెట్టుకుని రశీదులు దాచుకోవాలి. ఆస్పత్రిలో చేరవలసివస్తే మొదటి గంటలోనే బీమాకంపెనీకి ఫోను చేయాలి.

జబ్బును మాటలలో పెట్టడం

ఇక అసలు సంగతి. ఇంగ్లీషు మన భాషా కాదు, జర్మనువాడి భాషా కాదు. మన తెలుగు ఇంగ్లీషులోకి మారి, అది ఆయన మనసులో జర్మనులోకి మారేసరికి సగం జబ్బు దారిలో రాలిపోతుంది. దానిని అరికట్టడానికి మా ఇంట్లో ఇప్పుడు మూడు పద్ధతులు పెట్టుకున్నాము.

మొదటిది, మనకు మాత్రమే అర్థమయ్యే మాటలను విడగొట్టడం. ‘వేడి చేసింది’ అనే మాటకు ఇంగ్లీషులో సరైన జోడు లేదు. అందులో నోటిపూత ఉండవచ్చును, కళ్ళ మంట ఉండవచ్చును, మూత్రంలో మంట ఉండవచ్చును, విరేచనం కాకపోవడం ఉండవచ్చును. వీటిలో ఏది ఉన్నదో అదే చెప్పాలి. ‘పైత్యం’ అంటే వాంతి వస్తున్నదా, తల తిరుగుతున్నదా, నోరు చేదుగా ఉన్నదా? ‘కళ్ళు తిరుగుతున్నాయి’ అన్నదానిని మాటకు మాట మారిస్తే కంటిడాక్టరు దగ్గరకు పంపుతారు. ‘గుండెల్లో మంట’ పులితేపులవల్లనా, లేక మెట్లెక్కితే వచ్చి ఆగితే తగ్గుతున్నదా? రెండోదైతే అది గ్యాసు అని ఇంట్లో కూర్చోకూడదు. ‘నీరసం’ అంటే ఆకలి లేకనా, నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తున్నదా? బాధ ఎక్కడ, ఎప్పటినుంచి, ఎలాంటిది, ఏం చేస్తే ఎక్కువవుతుంది, ఏం చేస్తే తగ్గుతుంది అనే అయిదు ప్రశ్నలకూ ముందు తెలుగులోనే జవాబు రాసుకుంటే, ఏ భాషలోకి మార్చినా చెడదు.

రెండవది, కొలతలూ మందులూ. మన 100 డిగ్రీల జ్వరం వారి 37.8. మన 102 వారి 38.9. మన 104 వారి 40. షుగరును జర్మనీలో పడమటివైపు మనలాగే చెబుతారు. తూర్పువైపు చాలాచోట్ల మరొక లెక్క. వారి అంకెను 18తో హెచ్చవేస్తే మన అంకె వస్తుంది. అక్కడ 10 అంటే మన 180. ఇక్కడి మాత్రల వ్యాపారపు పేర్లు అక్కడివారికి తెలియవు. అట్టమీద చిన్న అక్షరాలతో ఉండే అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు అన్నవి రాసుకోవాలి. ఏ మందు పడదో రాసుకోవాలి. డాక్టరు దగ్గరకు బయలుదేరే ముందు వేసుకున్న మాత్ర సంగతి తప్పక చెప్పాలి.

మూడవది, దుబాసీ. చట్టబద్ధమైన బీమా సాధారణంగా దుబాసీకి డబ్బు ఇవ్వదు, కనుక ఇంట్లోవారే ఆ పని చేస్తారు. కాని రోగి ఎవరి ఎదుట నోరు విప్పగలదో వారినే పంపాలి. అత్తగారికి అల్లుడు, మామగారికి కోడలు, తల్లికి పసివాడు దుబాసీలయితే రెండువైపులా మాటలు మింగుతారు. లేడీ డాక్టరు కావాలని ముందుగానే అడగడంలో తప్పులేదు. ఇంకెవరూ దొరకకపోతే రోగి తన బాధను తెలుగులో కాగితంమీద రాసిస్తే, దుబాసీ దానిని చూసి చదువుతాడు. నోట రాని మాట చేతితో రాయడం అందరికీ కొంత సులువే. దుబాసీ అయినవారు డాక్టరు అడిగిన ప్రశ్నను అడిగినట్లే అడగాలి, జవాబును చెప్పినట్లే చెప్పాలి. పెద్దలను నొప్పించకూడదని మెత్తబరచే ప్రశ్న ఆ గదిలో పనికిరాదు.

ఇది రాస్తుంటే నాకు మా నాయనమ్మ మళ్ళీ గుర్తుకు వస్తున్నది. ఆమె నాచేత పంటి సలుపూ కాళ్ళ పీకూ చెప్పించేది గాని, కొన్నిసార్లు డాక్టరు గుమ్మందాకా వచ్చి, “ఇవాళ వద్దులేరా” అని వెనక్కు తిరిగేది. మనవడిచేత చెప్పించలేని బాధలు ఆమెకూ ఉండే ఉంటాయి. అవి ఏమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

ఈ ఏడు మళ్ళీ అమ్మాయి దగ్గరకు వెళ్ళాలనుకుంటున్నాము. మా ఆవిడ చేతిసంచిలో పాస్‌పోర్టు పక్కన ఒక మడత కాగితం ఉన్నది. ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లీషు. మందుల పేర్లు, షుగరు లెక్క, పాత జబ్బులు అన్నీ వరుసగా ఉన్నాయి. చివరి వాక్యం మాత్రం ఆమె స్వయంగా చెప్పి మా అమ్మాయిచేత రాయించింది: “నాతో లేడీ డాక్టరు మాట్లాడాలి. మా అమ్మాయి తప్ప మరెవరూ గదిలో ఉండకూడదు.” అల్లుడు అది చదివి నవ్వి, “బతికించారు అత్తయ్యగారూ” అన్నాడు.